కూజా మొక్క ఆకులే వేస్తోందా? ముందు నీళ్లు చూడండి

నర్సరీ నుంచి తెచ్చిన రోజు కూజా మొక్క ఆకుల చివర, పురుగులను పట్టే ఆరేడు కూజాలు వేలాడుతుంటాయి. పది రోజులకు ఒక్కొక్కటే మూత దగ్గర నుంచి ఎండడం మొదలవుతుంది. నెల తిరిగేసరికి ఆకులు మిగులుతాయి, కూజాలు మిగలవు. కొత్త ఆకులు వస్తూనే ఉంటాయి, వాటి కొన నుంచి సన్నని తీగ కూడా సాగుతుంది. కానీ ఆ తీగ చివర మిరియపు గింజంత మొగ్గ నల్లబడి అక్కడే ఆగిపోతుంది. ఇంట్లో కూజా మొక్క పెంచేవారిలో చాలామంది వచ్చి ఆగే చోటు ఇదే. మొక్కకు ఆకలేస్తోందనుకుని కొందరు ఈగలూ చీమలూ పట్టి తెచ్చి వేస్తారు, మరికొందరు కుండీలో గుప్పెడు వర్మీకంపోస్టు వేస్తారు. మొదటిదానివల్ల కొత్త కూజాలు రావు. రెండోది మొక్క ప్రాణం మీదికే తెస్తుంది.

కూజాలు ఆగిపోయాయంటే కారణం దాదాపు ఎప్పుడూ పోసే నీళ్లలోనో, కుండీలోని మిశ్రమంలోనో, చుట్టూ ఉన్న గాలిలోనో ఉంటుంది. పురుగుల సంగతి ఆ తర్వాతే. ఈ కూజా మొక్కల శాస్త్రీయ నామం నెపంథిస్. నెపంథిస్ జాతులు ఎక్కువగా పోషకాలు దాదాపు లేని నేలల్లో, నాచు మీద, చెట్ల కొమ్మల మీద బతకడం నేర్చుకున్నవి. వేళ్ల ద్వారా దొరకని నత్రజనిని పురుగుల నుంచి తీసుకోవడానికే ఆకు చివర కూజా ఏర్పడింది. కూజా చేయడం మొక్కకు ఖర్చుతో కూడిన పని. పచ్చగా పరుచుకున్న ఆకు చేసినంత ఆహారం కూజా చేయలేదు. వేళ్ల దగ్గరే ఎరువు దొరికితే మొక్క ఆ ఖర్చు మానుకుని ఆకులు పెంచుకుంటుంది. వేళ్లు ఉప్పుతో దెబ్బతిన్నా, గాలి పొడిగా ఉన్నా, వెలుతురు చాలకపోయినా మొక్క ముందుగా వదులుకునేది కూజానే.

ఏ మొక్క కొన్నామన్నదానితోనే సగం ఫలితం తేలిపోతుంది. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికేది వెంట్రాటా. ఇది ఫిలిప్పీన్స్‌కు చెందిన వెంట్రికోసా, అలాటా జాతుల సంకరం. చాలాచోట్ల దీన్నే అలాటా అని పేరు రాసి అమ్ముతారు. కూజాలు నడుము దగ్గర కాస్త నొక్కుకుని, ఎరుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, నాలుగు నుంచి ఆరు అంగుళాల పొడవు వస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో మొదటిసారి పెంచేవారికి ఇంతకంటే ఓర్పున్న మొక్క లేదు. 15 నుంచి 35 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. నీడ, తేమ ఉంటే 40 డిగ్రీలు కూడా కొన్ని రోజులు తట్టుకుంటుంది. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఆంపుల్లేరియా, రఫ్లీసియానా, మిరాబిలిస్ వంటి పల్లపు ప్రాంతాల జాతులు కూడా బాగా వస్తాయి. వాటికి రాత్రిపూట చలి అక్కర్లేదు, ఉక్కపోతే కావాలి. బోర్నియోలోని కినబాలు కొండ మీద పెరిగే రాజా, విల్లోసా లాంటి జాతుల జోలికి మాత్రం వెళ్లవద్దు. వాటికి రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల లోపుకు పడిపోవాలి. మే నెల హైదరాబాదు రాత్రి వాటిని నెమ్మదిగా చంపేస్తుంది.

మన దేశంలో పుట్టిన నెపంథిస్ ఒక్కటే, మేఘాలయ కొండల్లోని ఖాసియానా. దక్షిణ గారో కొండల్లోని బాఘ్‌మారాలో దీనికోసం ప్రత్యేకంగా ఒక అభయారణ్యం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న అతికొద్ది మొక్కల్లో ఇదొకటి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది. అడవి నుంచి తవ్వి తెచ్చిన ఖాసియానాను కొనడం నేరానికి చేయూతనివ్వడమే. పైగా అలా తవ్విన మొక్క వేళ్లు తెగిపోయి నెలల్లోనే పోతుంది. కేరళలోని పాలోడు ఉష్ణమండల ఉద్యానవన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ మొక్కను టిష్యూ కల్చర్ ద్వారా, అంటే ప్రయోగశాలలో చిన్న ముక్క నుంచి, వృద్ధి చేసే పద్ధతిని 1994లోనే ప్రచురించారు. కాబట్టి ఇంటి మొక్కల కోసం అడవిని తవ్వాల్సిన అవసరమే లేదు. లైసెన్సు, మొక్క ఎక్కడ పుట్టిందో చెప్పే కాగితాలు చూపించలేని అమ్మకందారు దగ్గర ఈ జాతిని కొనకూడదు.

అమెరికా కూజా మొక్క సర్రసీనియా పూర్తిగా వేరే కుటుంబం. దానికి మూడు నాలుగు నెలల చలికాలపు నిద్ర తప్పనిసరి. జార్జియా, కరొలైనాల్లో ఉండే తెలుగువారికి అది పెరట్లో పెరిగే మొక్క. ఇక్కడ రెండో ఏటికి నీరసించి పోతుంది. ఈ తేడా తెలియకపోవడం వల్ల మరో పొరపాటు కూడా జరుగుతోంది. సర్రసీనియాను నీళ్ల పళ్లెంలో నిలబెట్టాలి. ఆ వీడియోలు చూసి నెపంథిస్‌ను కూడా పళ్లెంలో నిలబెడితే నెల రెండు నెలల్లో వేళ్లు కుళ్లిపోతాయి. నెపంథిస్ వేళ్లకు తడితోపాటు గాలి కూడా కావాలి.

ఇక నీళ్లు. నీటిలో కరిగి ఉన్న లవణాల మోతాదును టీడీఎస్ అంటారు. దాన్ని కొలిచే టీడీఎస్ మీటరు అనే చిన్న పరికరం ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. కుండీ కంటే ముందు అదే కొనాలి. ఈ మొక్కకు పోసే నీళ్ల టీడీఎస్ 50 లోపు ఉంటే మంచిది. 100 వరకు జాగ్రత్తలతో నెట్టుకురావచ్చు. తెలంగాణలో, రాయలసీమలో బోరు నీళ్లు 500 దాటడం మామూలే, చాలాచోట్ల వెయ్యి దాటుతుంది. మున్సిపల్ నల్లా నీళ్లు బోరు కంటే మెరుగే గానీ, వాటిలోనూ ఈ మొక్క ఓర్చుకునే దానికంటే లవణాలు ఎక్కువే ఉంటాయి.

లెక్క వేసి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. ఎండాకాలంలో ఒక కుండీకి రోజుకు పావు లీటరు పోస్తే నెలకు ఏడున్నర లీటర్లు. టీడీఎస్ 600 ఉన్న బోరు నీళ్లలో లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలుంటాయి. అంటే నెలకు నాలుగున్నర గ్రాములు, దాదాపు ఒక చెంచాడు ఉప్పు. నీళ్లు ఆవిరైపోతాయి, కుండీ అడుగు నుంచి కారిపోయింది పోగా మిగతా ఉప్పంతా వేళ్ల చుట్టూ పేరుకుంటుంది. దానికితోడు బోరు నీళ్లలోని బైకార్బనేట్లు మిశ్రమం పీహెచ్‌ను పెంచేస్తాయి. ఆమ్లగుణంలో, అంటే నాలుగు నుంచి ఐదున్నర పీహెచ్ మధ్య ఉండాల్సిన కుండీలోని నాచు క్షారంగా మారి కుళ్లుతుంది. అదే 30 టీడీఎస్ నీళ్లు పోస్తే నెలకు చేరేది పావు గ్రాము కూడా ఉండదు.

లవణాలు తక్కువున్న నీళ్లు ఇంట్లోనే దొరుకుతాయి. వాన నీళ్లు అన్నిటికంటే మంచివి. తొలకరిలో మొదటి రెండు వానల నీళ్లు డాబా మీది దుమ్ముతో వస్తాయి, వాటిని వదిలేసి తర్వాతివి ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టి మూత బిగించి ఉంచుకోవాలి. సిమెంటు తొట్టిలో నిల్వ చేస్తే సున్నం దిగుతుంది. ఏసీ నుంచి కారే నీళ్లు గాలిలోని తేమే కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. గుడ్డలో వడగట్టి వాడుకోవచ్చు. ఏసీ సర్వీసింగ్ చేయించిన తర్వాత మాత్రం శుభ్రం చేసే రసాయనాలు కలిసి ఉంటాయి కనుక మొదటి రెండు మూడు రోజుల నీళ్లు పారబోయాలి. ఆర్వో నీళ్ల దగ్గర ఒక మెలిక ఉంది. ఇళ్లలోని చాలా ఆర్వో యంత్రాలు రుచి కోసం శుద్ధి చేసిన నీటిలో కొంత మామూలు నీటినో, ఖనిజాలనో మళ్లీ కలుపుతాయి. అందుకే ఆర్వో కదా అని నమ్మకుండా మీటరు పెట్టి చూడాలి. 20 లీటర్ల క్యాన్ నీళ్లకూ ఇదే నియమం. ఆర్వో యంత్రం బయటకు వదిలే వృథా నీళ్లు మాత్రం ఒక్క గ్లాసు కూడా పోయకూడదు. బోరులోని ఉప్పంతా చిక్కబడి చేరేది అందులోనే.

నీళ్లు మంచివైనా నెలకొకసారి కుండీని కడగాలి. కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్ల తక్కువ టీడీఎస్ నీళ్లు పై నుంచి నెమ్మదిగా పోసి పూర్తిగా కారిపోనివ్వాలి. చివర్లో కారిన నీటిని కొలిచి చూస్తే లోపలి పరిస్థితి తెలుస్తుంది. 30 టీడీఎస్ నీళ్లు పోస్తే 60, 70 వస్తే ఫరవాలేదు. 200 వస్తుంటే ఇంకోసారి కడగాలి. రెండు మూడుసార్లు కడిగినా తగ్గకపోతే మిశ్రమమే మార్చాలి. నాచు మీద తెల్లటి పొర, పాత ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి గరుకుగా ఎండడం, ఈ రెండూ కనిపిస్తే ఉప్పు చేరిందని మీటరు లేకుండానే చెప్పేయవచ్చు.

కుండీలో ఎర్రమట్టి, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, వేపపిండి ఏవీ వద్దు. నమ్మకమైన మిశ్రమం ఇది: పొడవు పీచున్న స్ఫాగ్నమ్ అనే ఎండు నాచు రెండు పాళ్లు, పెర్లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళికలు ఒక పాలు, కొబ్బరి డిప్పల ముక్కలో ఆర్కిడ్‌లకు వాడే బెరడు ముక్కలో ఒక పాలు. ఆరంగుళాల కుండీకి దాదాపు రెండు లీటర్ల మిశ్రమం పడుతుంది. నాచును అరగంట నానబెట్టి, పిడికిట పట్టి పిండితే రెండు మూడు చుక్కలు రాలేంత తడితో వాడాలి. కుండీలో దట్టించి కూరకూడదు, వదులుగా పేర్చాలి. మట్టి కుండీ ఉప్పును గోడల్లో పట్టి ఉంచుతుంది, త్వరగా ఆరిపోతుంది. ఈ మొక్క వరకు ప్లాస్టిక్ కుండీయే మేలు. అడుగున రంధ్రాలు ధారాళంగా ఉండాలి.

కోకోపీట్‌తో, అంటే ఇటుకలుగా అమ్మే కొబ్బరి పొట్టుతో జాగ్రత్త. కొబ్బరి పీచును ఉప్పు కలిసిన నీళ్లలో నానబెట్టి తీసే చోట్ల నుంచి వచ్చిన ఇటుకల్లో సోడియం, పొటాషియం బాగా ఉంటాయి. బంతి, గులాబీలకు అది పెద్ద లెక్క కాదు గానీ కూజా మొక్క వేళ్లు తట్టుకోలేవు. కొబ్బరి ముక్కలైనా పొట్టయినా బకెట్ నీళ్లలో ఒక రోజంతా నానబెట్టి వంపేయాలి. ఇలా నాలుగైదుసార్లు చేసి, చివరి రెండుసార్లు తక్కువ టీడీఎస్ నీళ్లు వాడాలి. పిండిన నీటి టీడీఎస్, పోసిన నీటి టీడీఎస్ కంటే 50కి మించి పెరగకుండా ఉంటే అప్పుడు వాడుకోవచ్చు.

కొరియరులో వచ్చిన మొక్క విషయంలో తొందరపడకూడదు. కూజాలు ఎండిపోవడం ప్రయాణపు బడలిక, మొక్క చావు కాదు. పూర్తిగా ఎండిన భాగాన్నే కత్తిరించాలి. ఆకు పచ్చగా ఉంటే ఉంచాలి, అది మొక్కకు అన్నం పెడుతూనే ఉంటుంది. కుండీ మార్చే పని రెండు వారాలు ఆపాలి. పారదర్శకమైన పాలిథిన్ కవరును రెండు పుల్లల సాయంతో మొక్కకు తగలకుండా కప్పి, ఎండ నేరుగా పడని వెలుతురులో పెట్టాలి. వారం తర్వాత కవరుకు రోజుకో రంధ్రం చేస్తూ పోయి, మూడో వారానికి తీసేయాలి. ఒక్కసారిగా తీస్తే ఆకులు వాలిపోతాయి. కూజాల కోసం పాత ఆకుల వైపు చూడవద్దు. మొగ్గ ఎండిపోయిన తీగకు మళ్లీ కూజా రాదు. ఇక్కడికి వచ్చాక పుట్టిన ఆకులకే వస్తుంది, దానికి రెండు నెలలు పట్టవచ్చు.

ఆ రెండు నెలల్లో జరిగేది దగ్గరగా చూడాల్సిన విషయం. కొత్త ఆకు చుట్టచుట్టుకుని వచ్చి విచ్చుకున్నాక దాని నడి ఈనె కొనదాటి తీగలా సాగుతుంది. తీగ చివర సూది మొనలాంటి మొగ్గ కిందికి వంగి ఉంటుంది. పరిస్థితులు నచ్చితే ఆ కొన పైకి తిరిగి కొక్కెంలా వంపు తిరుగుతుంది. ఈ వంపు కనిపించిందంటే కూజా వస్తుందన్నమాట. మొగ్గ మీద గోధుమరంగు నూగు ఉంటుంది. మొదట చిన్న చిక్కుడుకాయలా పలకగా ఉండి, తర్వాత గాలి ఊదినట్లు ఉబ్బుతుంది. మూత ఇంకా అతుక్కుని ఉండగానే లోపల ద్రవం ఊరి ఉంటుంది. వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే ఆ ద్రవం మట్టం నీడలా కనిపిస్తుంది. ఒక ఉదయం మూత వీడి లేస్తుంది. నోటి చుట్టూ ఉన్న అంచు అప్పటికి సన్నగా లేతగా ఉంటుంది, రెండు మూడు రోజుల్లో బయటికి ముడుచుకుని గట్టిపడి రంగు తిరుగుతుంది.

ఆ అంచే అసలు ఉచ్చు. దాని మీద సన్నని చాళ్లు ఉంటాయి, తేమగా ఉన్నప్పుడు వాటిలో పల్చటి నీటి పొర పరుచుకుంటుంది. తేనె కోసం వచ్చిన చీమ కాలు పట్టు దొరక్క జారుతుంది. గాలి పొడిగా ఉంటే అదే అంచు మీద చీమ నింపాదిగా తిరిగి వెళ్లిపోతుంది. ఖాసియానా కూజా అంచులు అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తాయని కూడా పాలోడు శాస్త్రవేత్తలే 2013లో చూపించారు. లోపలి ద్రవం ఆమ్లంతో, మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములతో నిండి, కాస్త సాగుతూ ఉంటుంది. ఈ జిగురు వల్లే పడిన ఈగ ఎగరలేదు. కూజాలో నల్లా నీళ్లు పోసి నింపేవారు ఈ ద్రవాన్ని పలచన చేసి పాడుచేస్తున్నారన్నమాట. రవాణాలో ద్రవం ఒలికిపోయి, కూజా ఇంకా పచ్చగా ఉంటే మాత్రం పావు వంతు వరకు తక్కువ టీడీఎస్ నీళ్లు పోయవచ్చు.

తేమ విషయంలో ఊరిని బట్టి పద్ధతి మారాలి. కూజాలు నిలకడగా రావాలంటే గాలిలో తేమ 50 నుంచి 60 శాతం పైన ఉండాలి. విశాఖలో ఇది ఏడాది పొడవునా దాదాపు ఉచితంగా దొరుకుతుంది. హైదరాబాదులో జూన్ నుంచి డిసెంబరు దాకా ఇబ్బంది లేదు. ఏప్రిల్, మే మధ్యాహ్నాలు తేమ 30 శాతం లోపుకు దిగుతుంది. ఆ రెండు నెలలు కూజాలు రాకపోయినా కంగారు పడక్కర్లేదు, ఆకులు పచ్చగా ఉంటే చాలు. గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసి పైన కుండీ పెట్టడం అందరూ చెప్పే చిట్కానే గానీ గాలి ఆడే బాల్కనీలో దానివల్ల తేడా స్వల్పం. ఆకుల మీద నీళ్లు చల్లితే ఆ తేమ పది నిమిషాలు కూడా నిలవదు. నాలుగైదు గుబురు మొక్కల మధ్య పెట్టడం, గాలి తగిలే వైపు షేడ్‌నెట్ తెర కట్టడం, కూలర్ ఉన్న గదిలో దాని గాలి నేరుగా కొట్టని మూలలో ఉంచడం వీటికంటే బాగా పనిచేస్తాయి. ఏసీ గది గాలిని పొడిచేస్తుంది. గాజు పెట్టెలో మూసి ఎండలో పెడితే గంటలో మొక్క ఉడికిపోతుంది.

వెలుతురు ధారాళంగా కావాలి. తూర్పు బాల్కనీలో ఉదయం రెండు మూడు గంటల లేత ఎండ దొరికితే చాలు. డాబా మీదైతే 50 శాతం షేడ్‌నెట్, ఎండాకాలంలో 75 శాతం. ఆకు ముదురు పచ్చగా, పొడవుగా, మెత్తగా వాలి కూజా లేకుండా ఉంటే వెలుతురు చాలడం లేదు. ఆకు పసుపుకు తిరిగి, ఎండ తగిలే వైపు ఎర్రటి మచ్చలు, పొడి మచ్చలు వస్తే ఎక్కువైంది. నీడలో పెరిగిన మొక్కను ఒక్క రోజులో ఎండలోకి మార్చవద్దు, వారానికో గంట చొప్పున పెంచాలి. నీళ్లు ఉదయం ఎనిమిదిలోపు పై నుంచి పోయాలి. నాచు పైపొర కాస్త ఆరినట్లు వేలికి తగిలినప్పుడు పోస్తే సరిపోతుంది, పూర్తిగా ఎండనివ్వకూడదు.

తిండి సంగతి చిన్నది. బాల్కనీలో ఉన్న మొక్కకు చీమలూ ఈగలూ వాటంతట అవే వస్తాయి. ఇంటి లోపల ఉంటే నెలకొకసారి, ఒక్కో కూజాలో ఒకటి రెండు చిన్న పురుగులో, అక్వేరియం చేపల దుకాణంలో మేతగా దొరికే బ్లడ్‌వర్మ్ అనే ఎండు పురుగులు మూడు నాలుగు నానబెట్టినవో వేస్తే చాలు. మాంసం, గుడ్డు, పాలు వేస్తే కూజా లోపలే కుళ్లి రెండు రోజుల్లో నల్లబడుతుంది. దోమలను తినేస్తుందని చెప్పి ఈ మొక్కను అమ్మడం కూడా జరుగుతోంది. ఆ మాట నమ్మి కొనకండి. కూజాలో ఎక్కువగా పడేవి చీమలు, ఈగలు. అడవుల్లో కొన్ని రకాల దోమల పిల్లలు కూజా ద్రవంలోనే బతుకుతాయి కూడా. ఇంట్లో అంతకంటే పెద్ద ప్రమాదం కుండీ కింది పళ్లెం. అందులో నిలిచిన నీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. పళ్లెం వాడేవారు నీళ్లు నిలవకుండా చూడాలి, వారానికొకసారి తోమి ఆరబెట్టాలి.

పిండినల్లి, పొలుసు పురుగు ఆకు మొదట్లో, కాండానికి అతుక్కున్న చోట చేరతాయి. స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో ఒక్కొక్కదాన్నీ తుడిచి, వారం వారం మూడుసార్లు చేస్తే పోతాయి. లేత ఆకులు ముడుచుకుని వెండి గీతలు పడితే తామర పురుగు. వేసవిలో ఆకు అడుగున సన్నని గూడు, పైన పసుపు చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి, మొక్క ఆరిపోతోందనడానికి అదొక గుర్తు కూడా. వేపనూనె వాడితే ముందు ఒక ఆకు మీద పలచగా చల్లి మూడు రోజులు చూడాలి. కూజా నోట్లో పడకుండా చూసుకోవాలి.

కుండీ మార్చడం రెండేళ్లకోసారి, వానలు నిలకడగా పడ్డాక జూలై ఆగస్టుల్లో చేయాలి. అప్పుడు చాలామంది భయపడే విషయం ఒకటుంది: వేళ్లు నల్లగా, వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. కుళ్లాయనుకుని కత్తిరించేస్తారు. ఆరోగ్యంగా ఉన్న నెపంథిస్ వేరు రంగే నలుపు. వేలితో తాకితే పొరలూడి మెత్తగా జారిపోతే కుళ్లింది, గట్టిగా ఉంటే మంచిది. పాత నాచును బలవంతంగా పీకకుండా, అంటుకున్నదాన్ని అలాగే ఉంచి చుట్టూ కొత్తది పేర్చాలి.

మూడో ఏటికి మొక్క తీగలా సాగడం మొదలెడుతుంది. పైన వచ్చే కూజాలు ఆకారం మారతాయి. అడుగు కూజాల ముందున్న రెండు అంచు రెక్కలు సన్నబడి, కూజా గరాటులా సాగుతుంది, దాని తీగ ఏదైనా పుల్ల దొరికితే మెలిక వేస్తుంది. కూజాలు తగ్గుతూ పోతే తీగను జూలైలో కత్తిరించాలి. రెండు మూడు కణుపులున్న ముక్కలుగా కోసి, ఆకులను సగానికి తెంచి, అడుగు కణుపు తడి నాచులో ఉండేలా గుచ్చి పాలిథిన్ కవరు కప్పితే ఆరు నుంచి పది వారాల్లో వేళ్లు పడతాయి. ముక్కను లాగి చూడవద్దు. ఆకు మొదట్లో పచ్చటి మొగ్గ ఉబ్బి కొత్త ఆకు విచ్చుకున్నా, వేరు నిలదొక్కుకునేందుకు ఇంకో రెండు వారాలిచ్చి అప్పుడు కవరు తీయడం మొదలెట్టవచ్చు. తల్లి మొక్క మోడు దగ్గర నుంచి కూడా ఒకటి రెండు పిలకలు లేస్తాయి, వాటికి మళ్లీ రెక్కలున్న అడుగు కూజాలే వస్తాయి.